పదిహేడో నంబరు

ఆ బడిలో హాజరుకి పేర్లు పిలవరు. పొద్దున్న గంట కొట్టగానే మొదటి బెంచీ చివరనున్న పిల్ల "ఒకటి" అంటుంది, దాని పక్కవాడు "రెండు" అంటాడు, వెనక బెంచీ "మూడు" అని అందుకుంటుంది. నంబర్లు గదంతా చుట్టి వచ్చేసరికి రిజిస్టరు నిండిపోతుంది. పేర్లు పిలిచి, పలకనివాణ్ణి మళ్ళీ పిలిచి, నవ్వేవాళ్ళని కసిరేసరికి పది నిమిషాలు గల్లంతు. ఇలా అయితే ఒక్క నిమిషం. మిగిలిన తొమ్మిది నిమిషాల్లో ఒక ఎక్కం అప్పచెప్పించుకోవచ్చు.

మూడో తరగతికి కొత్తగా వచ్చిన టీచరుకి ఈ పద్ధతి తెగ నచ్చింది. ఏదైనా ఒక వరసలో ఉంటేనే ఆమెకి ఊపిరాడుతుంది. ఇంట్లో డబ్బాలు ఎత్తు ప్రకారం నిలబడాలి. మొగుడు దర్జీ, ఇంట్లోనే మిషను. ఆయన దారపు కండెలు లేత రంగు నుంచి ముదురు రంగుకి వరసగా లేకపోతే ఆయనకి ఆ పూట అన్నీ సూటిపోటి మాటలే. భాష, లెక్కలు, పరిసరాల పాఠం మూడూ ఆమే చెప్పాలి కానీ, లెక్కల పీరియడు వస్తే మాత్రం ఆమె గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది.

బడి తెరిచిన మొదటి రోజే ఆమెకి ఆ పద్ధతిలో ఒక నలుసు కనిపించింది. పిల్లలు పదిహేను అన్నారు, పదహారు అన్నారు, ఆగారు. ఒక పిల్ల తన నంబరు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు. ఆ తర్వాత "పద్దెనిమిది" అని వినిపించింది. ఆ చెప్పింది ఎవరో కాదు, ఆమె కూతురే.

కూతురికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో అందరూ దాన్ని ఆరిందా అంటారు, ఆ మాటకి తగ్గట్టే ఉంటుంది. తండ్రి బొత్తాం తప్పుగా కుడితే నడుం మీద చెయ్యి పెట్టుకుని అడుగుతుంది. తల్లి బదిలీతో పాటే అదీ ఈ బడికి వచ్చింది. ఇంట్లో అమ్మ, బళ్ళో టీచరు, ఈ రెండూ కలపకూడదన్నది వాళ్ళిద్దరి ఒప్పందం.

"పదిహేడు ఏది?" అంది టీచరు.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తొమ్మిదో బెంచీలో ఆరిందా ఒక్కతే కూర్చుంది. కిటికీ వైపు చోటు ఖాళీ.

"ఎవరూ లేకుండా ఎందుకు ఆగావు? నీకెవరు చెప్పారు ఆగమని?"

"ఎవరూ చెప్పలేదు టీచర్. నా పక్కది చెప్పడం అయ్యాక చెప్పాను."

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. టీచరుకి అదే విచిత్రంగా తోచింది. మూడో తరగతి పిల్లలు నవ్వడానికి సాకు వెతుక్కుంటారు, అలాంటిది చేతికిచ్చినా వదిలేశారు.

హెడ్మాస్టారిని అడిగితే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ గదిలో పదిహేడు ఎవరికీ ఇవ్వమమ్మా. నేను రాకముందు నుంచీ అంతే. మీరూ అలాగే పోనిచ్చేయండి," అన్నారు. ఆయనకి ఏ విషయమైనా పోనిచ్చేయడంలో మంచి పేరుంది.

టీచరు రెండు వారాలు పోనిచ్చింది. రోజూ పొద్దున్నే ఆ ఖాళీ ఆమెకి పంటి కింద రాయిలా తగిలేది. ముప్పై మంది పిల్లలకి ముప్పై ఒకటి దాకా నంబర్లేమిటి? పైగా ఆ తొమ్మిదో బెంచీకి ఒక కాలు పొట్టి. ఒక చివర ఒక్కళ్ళే కూర్చుంటే రెండో చివర లేవాలి. ఆరిందా ఒక్కతే కూర్చున్నా ఆ బెంచీ కదిలేది కాదు. అది ఆమె చూసింది, చూసి ఆలోచించలేదు.

మూడో సోమవారం ఆమె ఎర్ర సిరా కలం తీసింది. రిజిస్టరులో పద్దెనిమిది కొట్టేసి పదిహేడు చేసింది, పంతొమ్మిది పద్దెనిమిది అయింది, అలా చివరిదాకా. పిల్లలందర్నీ ఒక్కో చోటు ముందుకి జరిపింది. ఆరిందా కిటికీ వైపు జరిగింది, దాని చోటులోకి వెనకనున్న బొద్దబ్బాయి వచ్చాడు. లెక్క ముప్పైతో ముగిసింది.

"ఇప్పుడు చూడండి, ఎంత శుభ్రంగా ఉందో," అంది టీచరు. పిల్లలు కిటికీ వైపే చూస్తున్నారు.

ఆ రోజే తీసివేతల పాఠం పడింది. నల్లబల్ల మీద నాలుగు వందల రెండులోంచి నూట డెబ్బై అయిదు తియ్యమని వేసింది. "రెండులోంచి అయిదు పోదు. పక్కింటికెళ్ళి అప్పు తెచ్చుకోవాలి. పక్కింట్లో సున్నా. అప్పుడు సున్నా కొట్టేసి తొమ్మిది వెయ్యాలి, నాలుగు కొట్టేసి మూడు వెయ్యాలి, రెండు పన్నెండవుతుంది. ఏం? అర్థమైందా?"

"అయ్యింది టీచర్," అన్నారందరూ రాగం తీస్తూ. అర్థం కానప్పుడే పిల్లలు అంత రాగం తీస్తారని ఆమెకి తెలుసు. అయినా గంట కొట్టేలోపు పాఠం ముగియాలి.

ఆరిందా మాత్రం లేచి నిలబడింది. "పక్కింట్లో ఏమీ లేకపోతే అప్పు ఎవరిస్తారు టీచర్?"

"చెప్పానుగా. సున్నా తొమ్మిదవుతుంది."

"ఎందుకవుతుంది?"

సొంత కూతురు అందరి ముందూ రాదని నిలబడితే ఏ టీచరుకైనా చెవులు వేడెక్కుతాయి. పైగా ఆ "ఎందుకు"కి ఆమె దగ్గర జవాబు లేదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవర్నీ అడగలేదు.

"నోటు పుస్తకం తియ్యి. అదే లెక్క వచ్చేదాకా చెయ్యి. వచ్చేదాకా లేవకు," అంది.

ఆరిందా కూర్చుంది. అది కూర్చోగానే గదిలో గాలి కొంచెం చల్లబడ్డట్టు అనిపించి, టీచరు వెళ్ళి కిటికీ రెక్క వేసి వచ్చింది.

మంగళవారం పొద్దున్న నంబర్లు మొదలయ్యాయి. పదిహేను, పదహారు, ఆపైన నిశ్శబ్దం. తర్వాత బొద్దబ్బాయి "పద్దెనిమిది" అన్నాడు.

"ఏం, నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?" అని కూతుర్ని కసిరింది టీచరు.

"చెప్పాను టీచర్."

దాని పెదాలు కదలడం చూసింది కానీ, మాట చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. జలుబేమో అనుకుంది. పదకొండు గంటలకి ఆయా పాలగ్లాసుల పళ్ళెంతో వచ్చి ఒక్కో బెంచీ మీదా పెట్టుకుంటూ పోయింది. తొమ్మిదో బెంచీ దగ్గర ఒక్క గ్లాసే పెట్టింది, బొద్దబ్బాయికి. ఒక గ్లాసు మిగిలితే, "ఎవరో రాలేదు కాబోలు," అని ఆ పాలు తనే తాగేసి మూతి తుడుచుకుంది. ఆరిందా అడగలేదు. బొత్తాం తప్పుగా కుడితే ఊరుకోని పిల్ల, తన పాలు ఎవరో తాగేస్తే చూస్తూ ఊరుకుంది. తల వంచుకుని రాసుకుంటోంది. టీచరు వెళ్ళి చూస్తే పుస్తకం నిండా అదే లెక్క, నాలుగు వందల రెండులోంచి నూట డెబ్బై అయిదు. కింద జవాబు చోట ఏమీ లేదు. అక్షరాలు మాత్రం ఆరిందావి కావు. కొంచెం ఎడమకి వాలి, పలక మీద రాసి అలవాటైన చేతి అక్షరాలు.

సాయంత్రం గంట కొట్టాక ఆరిందా లేవలేదు. చెయ్యి పట్టి లాగితే వచ్చింది, కానీ దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

బుధవారం టీచరు రిజిస్టరు నింపుతూ పదిహేడు దగ్గర చిన్న గీత పెట్టింది, రానివాళ్ళకి పెట్టే గీత. మొత్తం ఇరవై తొమ్మిది అని రాసి సంతకం చేసింది. తలెత్తితే కిటికీ పక్కన కూర్చుని కూతురు తన వైపే చూస్తోంది.

టీచరు తను పెట్టిన గీతని మళ్ళీ చూసుకుంది. కన్నతల్లి. రెండు జడలూ తనే వేసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గంట కూడా కాలేదు. ఆ పిల్ల రాలేదని తన చేత్తోనే రాసింది. ఎలా మర్చిపోయిందో ఎంత తన్నుకున్నా ఆమెకి తెలియలేదు. మర్చిపోయానన్న సంగతి కూడా ఇంకో క్షణంలో మర్చిపోతానేమోనని, అరచేతి మీద ఎర్ర సిరాతో "కూతురు" అని రాసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి దర్జీ చేతిలో చిన్న గౌను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇది ఎవరిచ్చారే? కొలతల చీటీ కూడా లేదు. నా కుట్టులాగే ఉంది, కానీ నాకు గుర్తు లేదు."

"మన పిల్లది కదండీ!"

"ఏ పిల్ల?" అన్నాడాయన, ఎవరో బంధువుల పిల్ల గురించి అడిగినట్టు మామూలుగా. తర్వాత వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు పెట్టాడు. ఆరిందా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అదేమీ ఏడవలేదు. వెళ్ళి కంచం తెచ్చుకుని మూడోది తనే పెట్టుకుంది. భయమంటే ఏమిటో ఆమెకి ఆ రోజు తెలిసింది.

గురువారం బడి తెరవకముందే వెళ్ళి ఆమె రిజిస్టరులో ఎర్ర సిరా రాతలన్నీ కొట్టేసి పాత నంబర్లు వేసింది. పిల్లల్ని పాత చోట్లకి పంపింది. ఆరిందా పద్దెనిమిదిలోకి జరగలేదు. కిటికీ పక్కనే, ఆ పుస్తకం ముందు వేసుకుని కూర్చుంది. "రాలేదు టీచర్. ఇంకా రాలేదు," అంది. దాని గొంతు వినాలంటే వంగి చెవి ఆనించాల్సి వచ్చింది.

టీచరు తిన్నగా హెడ్మాస్టారి గదికి వెళ్ళి తలుపేసింది. "ఆ గదిలో ఇదివరకు పాఠం చెప్పినావిడ ఎక్కడుంటారో చెప్పండి. పోనిచ్చేయండి అన్నారో, ఈ కిటికీలోంచి మీ కళ్ళజోడు పోతుంది." ఆయన మారు మాట్లాడకుండా చీటీ మీద చిరునామా రాసిచ్చారు.

పెద్ద టీచరు ఇల్లు రెండు వీధుల అవతల. డెబ్బై దాటిన మనిషి, కిటికీలన్నీ మూసుకుని కూర్చుంది. అరచేతి మీది ఎర్ర సిరా చూసి, ఏమీ అడక్కుండానే లోపలికి రమ్మంది.

"ఎవరికిచ్చావమ్మాయ్ పదిహేడు?"

"నా కూతురికి."

ముసలావిడ తలుపు గడియ వేసి వచ్చి కూర్చుంది. తర్వాత చెప్పింది. పదకొండేళ్ళ కిందటి మాట. పదిహేడో నంబరు పిల్ల చెప్పిన మాట జవదాటేది కాదు. తల్లీ తండ్రీ లేరు, అమ్మమ్మ దగ్గర ఉండేది. ఆ అమ్మమ్మ ఎక్కడో పనికెళ్ళి పొద్దుపోయాక వచ్చేది. ఒకరోజు ఆ పిల్ల తీసివేతలో సున్నా దగ్గర ఆగిపోయింది.

"పక్కింట్లో ఏమీ లేకపోతే అప్పు ఎవరిస్తారు టీచర్ అని అడిగింది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, నా తల ప్రాణం తోకకి వచ్చి ఉంది. వచ్చేదాకా లేవకు అన్నాను. గంట కొట్టాక ఆఫీసులో కాగితాలు సర్దుతూ దాని సంగతే మర్చిపోయాను. వాన. ఆ కిటికీకి అప్పట్లో రెక్క లేదు. తడుస్తూ కూర్చుంది కానీ లేవలేదమ్మాయ్. చీకటి పడ్డాక ఆయా చూసింది. జ్వరం తగిలింది, మూడో రోజుకి పోయింది. ఆ వెనకే అమ్మమ్మ కూడా. ఆ ఇల్లు కూడా ఇప్పుడు లేదు."

"తర్వాత?"

"తర్వాత పొద్దున్న పిల్లలు పదహారు దగ్గర ఆగారు. నేను ఆ బెంచీ దగ్గరికెళ్ళి లేవమ్మా అని ఎన్నిసార్లు బతిమాలానో. లేవదు. రానిదే లేవకు అన్నానుగా."

"మరి ఆ లెక్క నేర్పలేదా దానికి?"

పెద్ద టీచరు తల దించుకుంది. "సున్నా కొట్టేసి తొమ్మిది వెయ్యమని చెప్పాను. ఎందుకు అంటుంది. నాకేం తెలుసు? ముప్పై ఏళ్ళు చెప్పాను, నాకే తెలీకుండా."

టీచరుకి ఆవిడ మీద కోపం రాలేదు. వద్దామని చూసిన కోపం దారిలోనే ఆగిపోయింది. మూడు రోజుల కిందట తనూ అవే మాటలు అంది, అదే చోటులో కూర్చోబెట్టి.

తిరిగి వచ్చేసరికి చివరి పీరియడు. ఆమె ఆఫీసు బీరువా తెరిచి పై అరలోంచి ఒక పెట్టె దించింది. పిల్లలకి లెక్కలు నేర్పడానికి ఎప్పుడో పైనుంచి వచ్చిన పుల్లల పెట్టె, అయిదు వందల పుల్లలు. వాడితే విరుగుతాయని ఇన్నేళ్ళూ ఎవరూ సీలు విప్పలేదు. హెడ్మాస్టారు "అది స్టాకు రిజిస్టరులో..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి మానేశారు.

గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోయారు. ఆరిందా లేవలేదు. కిటికీలోంచి పడే వెలుగు దాని మీద ఆగకుండా వెనక బెంచీ మీద పడుతోంది.

టీచరు తొమ్మిదో బెంచీ ముందు నేల మీద చతికిలబడింది. పెట్టెలోని రబ్బరు బ్యాండ్లు పట్టుకుంటే తెగిపోతున్నాయి, అందుకని బొత్తాలు ఊడిన పిల్లల కోసం సంచీలో ఉంచుకునే దారపు కండె తీసి, ఆ దారంతో కట్టలు కట్టింది. పది పుల్లలకి ఒక కట్ట, అలాంటి పది కట్టలకి ఒక మోపు. నాలుగు మోపులు, విడిగా రెండు పుల్లలు. మోపులు ఎడమన, పుల్లలు కుడిన పెట్టింది. మధ్యలో ఖాళీ వదిలింది.

"ఇదీ నాలుగు వందల రెండు. ఇందులోంచి అయిదు పుల్లలు ఇవ్వాలి. ఉన్నాయా?"

"రెండే ఉన్నాయి," అంది ఆరిందా.

"పక్కింట్లో?"

"పక్కింట్లో ఏమీ లేదు టీచర్."

ఆ రెండో మాట ఆరిందా అనలేదు. దాని పెదాలు కదలలేదు. మాట దానికి కొంచెం ఇవతల నుంచి, బెంచీ మీది ఖాళీలోంచి వచ్చింది. టీచరు లేవలేదు. తనూ లేవకూడదని ఆమెకి అర్థమైంది.

"అవునమ్మా, లేదు," అంది ఆ ఖాళీతోనే. "లేనివాళ్ళని ఏం అడుగుతాం? అందుకని దాని అవతలి ఇంటికి వెళ్ళాలి. అక్కడ నాలుగు మోపులున్నాయి. ఒకటి తెచ్చి, మనం తీసుకోకుండా ముందు పక్కింట్లో విప్పి పెట్టాలి. విప్పు."

ఆరిందా వేళ్ళు ఒక పక్క ముడి లాగాయి. రెండో పక్క దారం దానంతట అదే వదులైంది. పది కట్టలు ఖాళీ చోటులో దొర్లాయి.

"ఇప్పుడు పక్కింట్లో ఎన్ని?"

"పది."

"ఇప్పుడు అడగొచ్చు. ఒక కట్ట ఇచ్చింది. ఇంకెన్ని మిగిలాయి?"

ఆరిందా వేలు ఒక్కో కట్ట మీదా ఆగుతూ వెళ్ళింది. తర్వాత రెండు గొంతులు ఒక్కసారే, "తొమ్మిది!" అన్నాయి. ఒకటి ఆశ్చర్యపోతూ అంది. ఇంకొకటి పదకొండేళ్ళు ఎదురుచూసి అంది.

ఆ "తొమ్మిది" విని టీచరుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తనకి కూడా అది అప్పుడే అర్థమైంది. సున్నా ఊరికే తొమ్మిది అవదు. ముందు దాని చేతిలో పది పెట్టాలి. అది అందులోంచి ఇస్తుంది. ఇన్నేళ్ళూ ఎంత మంది పిల్లలకి సున్నా కొట్టేయమని చెప్పిందో.

విడి పుల్లలు పన్నెండయ్యాయి, అయిదు పోతే ఏడు. తొమ్మిది కట్టల్లో ఏడు పోతే రెండు. మూడు మోపుల్లో ఒకటి పోతే రెండు. ఆరిందా పుస్తకంలో జవాబు రాసింది, తన సొంత అక్షరాలతో. దాని పక్కనే, బెంచీ మీద పేరుకున్న సుద్దపొడిలో, ఎడమకి వాలిన అంకెలు ఒక్కొక్కటే తేలాయి. రెండు, రెండు, ఏడు.

"వచ్చింది టీచర్."

"వచ్చిందమ్మా. ఇంక లేవండి."

ఆరిందా లేచింది. బెంచీ కదలలేదు. ఒక్క క్షణం తర్వాత పొట్టి కాలు నేలకి తగిలి టక్కుమంది.

"అమ్మా," అంది ఆరిందా, బళ్ళో అనకూడని మాట. అని తల్లి నడుం చుట్టేసి గట్టిగా ఏడ్చింది. దాని గొంతు గది నాలుగు మూలలా మోగింది. టీచరుకి దాన్ని ఊరుకోబెట్టాలని కూడా అనిపించలేదు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఆమె వెనక్కి చూసింది. లేవమని చెప్పడం సులువే. లేచిన పిల్ల ఎక్కడికి పోతుంది? అమ్మమ్మ లేదు, ఆ ఇల్లు లేదు. చీకటి పడబోతోంది, వాన మబ్బు కూడా పట్టింది. కుడి చెయ్యి కూతురు పట్టుకుని ఉంది. టీచరు ఎడమ చెయ్యి గదిలోకి చాపింది.

"పదండి, ఇంటికెళ్దాం," అంది.

దారిలో ఆమె ఎడమ చెయ్యి విప్పలేదు. అది చల్లగానే ఉంది, కానీ ఖాళీగా లేదు.

ఇంటికి చేరేసరికి దర్జీ మిషను ఆపి లేచాడు. "ఏమే ఆరిందా, ఇంత ఆలస్యం? నీ గౌనుకి బొత్తాలు కుట్టాను, తప్పుంటే చెప్పు," అన్నాడు కూతురితో, ఏమీ జరగనట్టు. తల్లి గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది.

ఆయన వంటింట్లోకి వెళ్ళి, కబుర్లు చెబుతూనే కంచాలు పెట్టాడు. తనకొకటి, భార్యకొకటి, ఆరిందాకొకటి. తర్వాత, ఏమీ ఆలోచించకుండా, ఆరిందా పక్కన ఇంకొకటి.

టీచరు ఆ నాలుగో కంచం వైపు చూసింది. ఆరిందా కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. "దానికి ఆకలేస్తోందమ్మా," అంది మెల్లగా.

టీచరు ఎర్ర సిరా ఇంకా పోని చేత్తో గరిటె తీసుకుని, ముందు ఆ కంచంలోనే వడ్డించింది.